నయాగరా ఎందుకు వద్దంటున్నామంటే... క్యూబెక్ స్టడీ టూర్‌పై పాఠకుల ప్రశ్నలు

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళకు స్టూడెంట్లను కొద్దిరోజుల చదువు యాత్రకు తీసుకెళ్ళడం గురించి ప్రశ్నలు పంపమని గత నెల అడిగాం. విశాఖ నుంచీ, చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చినవాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి, ఒకేలాంటివి కలిపేశాం. మన పేపర్లలో క్యూబెక్ అని రాస్తాం గానీ అక్కడివాళ్ళ నోట అది 'కెబెక్'. రాష్ట్రం పేరూ, దాని రాజధాని పేరూ ఒకటే. అందుకని ఊరి సంగతి వచ్చినప్పుడు క్యూబెక్ సిటీ అంటాం.

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీలో ఫ్రెంచి సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకున్న 18 మందినీ, ఇద్దరు లెక్చరర్లనూ పది రోజులు పంపాలని అనుకుంటున్నాం. టొరంటో, నయాగరా, ఆటవా, మాంట్రియల్, క్యూబెక్ సిటీ అన్నీ వచ్చేలా ట్రావెల్స్‌వాళ్ళు ప్లాన్ ఇచ్చారు. సరిపోతుందా?
– ఫ్రెంచి లెక్చరర్, మద్దిలపాలెం

జవాబు: బస్సు కిటికీలోంచి చూసి రావడానికైతే సరిపోతుంది. టొరంటో నుంచి మాంట్రియల్ దాదాపు 540 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి క్యూబెక్ సిటీ ఇంకో 250. పది రోజుల్లో రానూపోనూ విమానాలకే మూడు రోజులు పోతాయి. మిగిలిన ఏడింటిలో రెండు రోడ్డు మీద గడిస్తే పిల్లలు ఫ్రెంచి ఎప్పుడు మాట్లాడతారు? పైగా టొరంటో, నయాగరాల్లో నడిచేది ఇంగ్లీషే. జలపాతం చూడాల్సిందేనని పేరెంట్స్ పట్టుబడితే క్యూబెక్ సిటీ పక్కనే మోంమొరెన్సీ ఉంది. ఎత్తు 83 మీటర్లు, నయాగరాలో గుర్రపునాడా ఆకారపు జలపాతం కన్నా ఎక్కువే. వెడల్పులోనూ, నీటి పరిమాణంలోనూ నయాగరాకు సాటి రాదు, ఆ మాట ముందే చెప్పేయండి. సిటీ బస్సులోనే వెళ్ళొచ్చు. పక్కన 487 మెట్లున్నాయి, మోకాళ్ళ నొప్పులున్న లెక్చరర్లు రోప్‌వే ఎక్కడం మంచిది.

మా లెక్క ఇది: మాంట్రియల్‌లో నాలుగు రాత్రులు, క్యూబెక్ సిటీలో మూడు. దిగిన రోజు మ్యూజియం పెట్టొద్దు. మనకూ వాళ్ళకూ తేడా వేసవి టైమ్‌లో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. మధ్యాహ్నం మూడింటికి ఏసీ హాల్లో కూర్చోబెడితే కూర్చున్నచోటే నిద్రపోతారు. వీధుల్లో తిప్పి, రాత్రి తొమ్మిది దాకా మెలకువగా ఉంచితే మర్నాటికి దారిలో పడతారు.

రెండో రోజు పాత మాంట్రియల్. 1642లో విల్-మరీ అన్న పేరుతో ఊరు పుట్టిన చోటే ప్వాంత్-ఆ-కాలియేర్ మ్యూజియం కట్టారు. నేల కింద పాత గోడలు, కాలవలు అలాగే ఉంచి చూపిస్తారు. మొదట ఇది చూస్తే తర్వాత వీధులు అర్థమవుతాయి. మూడో రోజు పూర్తిగా ఒక్క వీధికే ఇవ్వండి. అది బుల్వార్ సాఁ-లోరాఁ. దీనికి పడమర ఇంగ్లీషువాళ్ళు, తూర్పున ఫ్రెంచివాళ్ళు, మధ్యలో వలస వచ్చినవాళ్ళు ఉండేవాళ్ళు. చైనాటౌన్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి నడుస్తుంటే యూదుల దుకాణాలు, పోర్చుగీసు కోడి కాల్చే హోటళ్ళు, ఆఖరికి లిటిల్ ఇటలీ వస్తాయి. అక్కడికి దగ్గర్లోనే జాఁ-తాలోఁ మార్కెట్, 1933 నాటిది. మన రైతుబజారులాగే రైతులు నేరుగా అమ్ముతారు. అక్కడ బేరం ఆడకూడదు గానీ ధర ఫ్రెంచిలో అడగొచ్చు.

స్టడీ టూర్ అన్న పేరు నిలబెట్టేది ఈ రోజే. ఇద్దరిద్దరికి ఒక బ్లాకు అప్పగించండి. ఒక పక్కనున్న బోర్డులన్నీ రాసుకోవాలి: ఏ భాష పైన ఉంది, ఏది పెద్దక్షరాల్లో ఉంది, ఇంగ్లీషు ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు. 1977 నాటి ఫ్రెంచి భాషా చట్టం బోర్డుల మీద ఫ్రెంచిదే పైచేయిగా ఎందుకు ఉండాలందో పుస్తకంలో చదవడం కన్నా ఇలా పట్టుకోవడం తేలిక. సాయంత్రం హాస్టల్లో ఒక్కో జంట మూడు నిమిషాలు ఫ్రెంచిలో చెప్పాలి. టూర్ అయ్యాక విశాఖ వచ్చి రిపోర్టు రాయమంటే సగం మంది ఇంటర్నెట్ నుంచి దింపుతారు, అక్కడే రాయించండి.

నాలుగో రోజు పొద్దున మోఁ-రొయాల్ కొండ. ఊరి మధ్య కొండ, మన కైలాసగిరి అనుకోండి, సముద్రం ఒక్కటే తక్కువ. మధ్యాహ్నం ఫ్రెంచి మీడియం యూనివర్సిటీ ఒకటి. పేరుందని మెక్‌గిల్‌కు తీసుకెళితే అక్కడ చదువు ఇంగ్లీషులో. యూనివర్సితే ద మోంరేయాల్ గానీ, ఊరి నడుమనున్న యూకామ్ గానీ పెట్టుకోండి.

క్యూబెక్ సిటీకి రైల్లో మూడుంబావు నుంచి మూడున్నర గంటలు. ఒక జాగ్రత్త: ముందు సాంత్-ఫ్వా స్టేషన్ వస్తుంది, అది శివారు. మీరు దిగాల్సింది చివరి స్టేషన్ గార్ ద్యు పాలేలో. అక్కడ కోటగోడ చుట్టూ సుమారు 4.6 కిలోమీటర్ల నడక, ఎగువ ఊరు, దిగువ ఊరు, మధ్యలో 1879 నుంచి నడుస్తున్న ఫ్యునిక్యులేర్, అంటే వాలు మీద తాడుతో లాగే రైలుపెట్టె. మెక్సికోకు ఉత్తరాన కోటగోడ నిలిచున్న నగరం ఇదొక్కటే. యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒక పూట తప్పకుండా వెండాకే వెళ్ళండి. ఊరికి ఆనుకునే ఉన్న హ్యూరాన్-వెండాట్ ఆదివాసీల ఊరది. ఫ్రెంచివాళ్ళు 1608లో వచ్చేనాటికి ఇక్కడ మనుషులున్నారన్న సంగతి మిగతా మ్యూజియాలు కొంచెం మెల్లగా చెబుతాయి.

ఇంకోటి, పిల్లల ముందు కాకుండా మీకు. క్యూబెక్‌లో మద్యానికి వయసు 18, గంజాయి దుకాణానికి 21. మీ స్టూడెంట్లలో చాలామందికి మొదటిది చట్టప్రకారం ఓకే. కాలేజీ రూలు ఏమిటో బయల్దేరకముందే రాసి సంతకాలు తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి వచ్చే నెల్లో పదిహేడు నిండుతాయి. పది రోజులకే అయినా 'స్టడీ' అన్నారు కాబట్టి స్టడీ పర్మిట్ కావాలా? ఏజెంటు ఒకాయన కావాలంటాడు, ఇంకొకాయన వద్దంటాడు.
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: వద్దన్నాయనదే రైటు. ఆరు నెలలు, అంతకులోపు కోర్సుకు స్టడీ పర్మిట్ అక్కర్లేదు. విజిటర్ వీసా చాలు. క్యూబెక్ ప్రభుత్వం విడిగా ఇచ్చే అంగీకార పత్రం కూడా ఆరు నెలలు దాటితేనే. వీసా ఫీజు 100 కెనడా డాలర్లు, వేలిముద్రలకు 85. విశాఖవాళ్ళకు దగ్గరి సెంటర్ హైదరాబాదులో ఉంది. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు పదేళ్ళు చెల్లుతాయి, ఈమధ్య కెనడాకు ఇచ్చి ఉంటే ఆ ఖర్చు తప్పుతుంది.

గ్రూపుగా వెళ్ళినా వీసా మాత్రం ఎవరిది వాళ్ళదే. తేడాలొచ్చేది సాధారణంగా మూడు చోట్ల. కాలేజీ లెటర్‌లో ఒక తేదీ, అక్కడి సంస్థ ఆహ్వానంలో ఒక తేదీ, హోటల్ బుకింగ్‌లో ఇంకో తేదీ ఉంటాయి. అప్లై చేసే ముందు వారం బ్యాంకులో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడుతుంది, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కాగితం ఉండదు. మూడోది, తిరిగొచ్చి ఏం చేస్తాడో చెప్పే ఆధారం ఉండదు. కాలేజీ బోనఫైడ్, వచ్చే సెమిస్టర్ ఫీజు రసీదు, పరీక్షల టైమ్‌టేబుల్ జత చేయండి. అబ్బాయి మైనరు కాబట్టి మీరూ, వాళ్ళమ్మగారూ ఇద్దరూ సంతకం పెట్టి నోటరీ చేయించిన అనుమతి పత్రం తప్పనిసరి. వెంట వెళ్ళే లెక్చరర్ పేరు, పాస్‌పోర్టు నంబరు, ప్రయాణ తేదీలు, మీ ఫోను అందులో ఉండాలి. ఒరిజినల్ పిల్లవాడి చేతిసంచిలో ఉండాలి, చెకిన్ పెట్టెలో కాదు. నాలుగు నెలల ముందు మొదలుపెట్టండి.

అమెరికా మీదుగా టికెట్ చవగ్గా కనిపిస్తే ఆశపడకండి. విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి.

ప్రశ్న: కాలేజీలో నేర్చుకున్నది పారిస్ ఫ్రెంచి. క్యూబెక్ వీడియోలు చూస్తే ముక్క అర్థం కావట్లేదు. రెండు నెలల్లో ఏం చేయొచ్చు?
– బీఏ విద్యార్థిని, మధురవాడ

జవాబు: మీరు తెలుగువారు కావడం ఇక్కడ కలిసొస్తుంది. 'ఇ', 'యు' అచ్చుల ముందు క్యూబెక్‌వాళ్ళ 'త' కాస్తా 'త్స' అవుతుంది, 'ద' కాస్తా 'ద్జ' అవుతుంది. పాత అచ్చుపుస్తకాల్లో ౘ, ౙ అని పైన గుర్తు పెట్టేవారే, అవే శబ్దాలు. 'చుక్క'లో చు, 'జుట్టు'లో జు ఎక్కడ నాలుక తగులుతుందో గమనించండి. నువ్వు అనే అర్థమున్న 'త్యు' అక్కడ 'ౘ్యు'లా వినిపిస్తుంది. మన దగ్గర ఈ శబ్దం అ, ఉ, ఒ ముందు వస్తుంది, ఇ ముందు రాదు. వాళ్ళకు సరిగ్గా తలకిందులు. అందుకే ఆదివారం 'దిమాంష్' అక్కడ 'ౙిమాంష్' అయ్యేసరికి మనం తికమకపడతాం. రెండు నెలలూ రోజుకు పావుగంట రేడియో వార్తలు వినండి, హాస్యం వీడియోలు తర్వాత. వార్తలు చదివేవాళ్ళు నిదానంగా, స్పష్టంగా చదువుతారు.

మాటల్లో మొదట నేర్వాల్సినవి తిండి పేర్లు. పారిస్‌లో 'దేజునే' అంటే మధ్యాహ్న భోజనం, క్యూబెక్‌లో పొద్దుటి టిఫిన్. 'దీనే' పారిస్‌లో రాత్రిది, క్యూబెక్‌లో మధ్యాహ్నానిది. రాత్రి తినేది 'సూపే'. టూర్ షెడ్యూల్‌లో దీనే అని ఉంటే రాత్రికి కదా అని పడుకున్న బ్యాచ్ పస్తుంటుంది. వీధి చివరి కిరాణా కొట్టు 'దెపనర్'. మెర్సీ అంటే బదులుగా 'బ్యాఁవెన్యు' అంటారు, స్వాగతం చెబుతున్నారని తిరిగి మెర్సీ అనకండి. వీకెండ్‌ను పారిస్‌వాళ్ళు వీకెండ్ అనేస్తారు. ఇంగ్లీషు చుట్టూ ఉన్న క్యూబెక్‌వాళ్ళేమో పట్టుదలగా 'ఫాఁ ద స్మెన్' అంటారు.

మాంట్రియల్ దుకాణాల్లో 'బోంజూర్-హాయ్' అని పలకరిస్తారు. మీరు ఏది తిరిగి అంటే ఆ భాషలో మాట నడుస్తుంది. హాయ్ అన్నారా, ఆ రోజు ఫ్రెంచి క్లాసు అయిపోయినట్టే. మీ యాస విని వాళ్ళే ఇంగ్లీషులోకి మారితే 'ఆఁ ఫ్రాంసే, సిల్ వు ప్లే' అనండి, సంతోషంగా వెనక్కి వస్తారు. క్యూబెక్ సిటీలో ఈ బాధ తక్కువ.

ఆ, ఒకటి. చర్చి సామగ్రి పేర్లన్నీ అక్కడ బూతులు. 'తబర్నాక్' అనే మాట కుర్రాళ్ళు మొదటి రోజే నేర్చుకుంటారు. అర్థం తెలిసేదాకా వాడకుండా ఉంటే మేలు.

ప్రశ్న: మేం గుడ్డు కూడా ముట్టం. మా అమ్మాయి పది రోజులు ఏం తింటుంది? పచ్చళ్ళు, పొడులు పట్టుకెళ్ళనిస్తారా?
– ఒక తల్లి, సీతమ్మధార

జవాబు: కందిపొడి, మాగాయ వంటివి కంపెనీ సీలుతో, పేరు రాసి ఉన్నవి పెట్టండమ్మా. ఏది తీసుకెళ్ళినా దిగినప్పుడు తినే వస్తువులు ఉన్నాయని డిక్లేర్ చేయాలి. చెప్పాక ఆఫీసరు వద్దంటే ఆ పొట్లం పోతుంది, అంతే. దాచిపెట్టి దొరికితే జరిమానా. నాన్‌వెజ్ పచ్చళ్ళు అసలు వద్దు.

అక్కడి పేరున్న వంటకం పూటీన్. బంగాళాదుంప వేపుడు ముక్కల మీద తాజా చీజ్ ముద్దలు, ఆ పైన వేడివేడి గోధుమరంగు గ్రేవీ. చీజ్ తాజాగా ఉంటే పళ్ళ కింద కిచకిచమంటుంది. చూడ్డానికి శాకాహారమే, గ్రేవీ మాత్రం మామూలుగా కోడి లేదా ఎద్దు ఎముకల రసంతో చేస్తారు. శాకాహార గ్రేవీ చాలాచోట్ల ఉంది, అడిగితేనే పోస్తారు. బఠాణీ సూపులో పంది మాంసం ఉంటుంది, తీపి బీన్స్‌లో పంది కొవ్వు. 'వెజిటేరియన్' అంటే వాళ్ళ లెక్కలో గుడ్డు, పాలు ఉన్నట్టే. అందుకని ఒక చీటీ రాసి ఇవ్వండి: మాంసం, చేప, గుడ్డు, ఎముకల రసం ఏవీ వద్దు అని ఫ్రెంచిలో. వాళ్ళ లెక్చరర్ గారు రెండు నిమిషాల్లో రాసిస్తారు. అన్నం మీద బెంగ పుడితే మాంట్రియల్‌లో పార్క్-ఎక్స్‌టెన్షన్ పేట ఉంది, మెట్రోలో పార్క్ స్టేషన్‌లో దిగాలి. దోసెలు, కందిపప్పు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. క్యూబెక్ సిటీలో అంత సులువు కాదు, అక్కడికి వెళ్ళేముందే కొని పెట్టుకోవాలి.

రైస్ కుక్కర్ పెట్టకండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన 230 వోల్టుల కుక్కర్ గోరువెచ్చగా అయి ఊరుకుంటుంది. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని ఉంటే పనిచేస్తాయి, రెండు చదునైన పిన్నుల అడాప్టర్ చాలు.

ప్రశ్న: మా ఊరు బెల్లానికి పేరు. చెట్టు నుంచి వచ్చే మేపుల్ పాకం కూడా మన బెల్లంలాగే కాస్తారా? టూర్‌లో చూడొచ్చా?
– ఇంటర్ విద్యార్థి, అనకాపల్లి

జవాబు: పెనం, మంట, నురగ తీయడం అన్నీ నీకు తెలిసినవే బాబూ. తేడా రసంలో ఉంది. చెరకు రసంలో పదిహేను శాతం చుట్టుపక్కల చక్కెర ఉంటుంది, మేపుల్ రసంలో రెండు మూడు శాతమే. తాగితే మంచినీళ్ళే అనుకుంటావు. అందుకే సుమారు 40 లీటర్ల రసం మరిగిస్తే ఒక లీటరు పాకం. గానుగ లేదు, కాండానికి చిన్న రంధ్రం వేసి గొట్టం పెడితే అదే కారుతుంది. రాత్రి సున్నా కన్నా కిందికి వెళ్ళి, పగలు సున్నా దాటి కరగాలి. ఈ గడ్డకట్టడం, కరగడం వల్ల చెట్టులో ఒత్తిడి పుట్టి రసం బయటికి వస్తుంది. అలాంటి వాతావరణం మార్చి, ఏప్రిల్‌లోనే. మొగ్గలు విచ్చాక రసం రుచి పాడవుతుంది, పని ఆపేస్తారు.

నీళ్ళు మరిగే వేడికి నాలుగు డిగ్రీలు పైకి, అంటే 104 దగ్గర దించితే సిరప్. అప్పటికి చక్కెర 66 శాతం ఉంటుంది. ఇంకా కాచి 112–114కు తెస్తే, మన ఇళ్ళలో ఉండపాకం అంటారే, ఆ దశ. దాన్ని శుభ్రమైన మంచు మీద సన్నటి ధారగా పోస్తారు. అర నిమిషంలో బిగుస్తుంది, పుల్లకు చుట్టుకుని తింటారు. పేరు 'తీర్'. పాకం ముదిరితే పళ్ళకు అంటుకుని ఊడదు, లేతగా ఉంటే మంచులోకి ఇంకిపోతుంది. నీళ్ళగిన్నెలో చుక్క వేసి చూసే మీవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాలా! కాచే చోటును 'కబాన్ ఆ సూక్ర్' అంటారు. అసలు సీజన్ వసంతంలోనే గానీ, టూరిస్టుల కోసం ఏడాదంతా తెరిచేవి కొన్ని ఉన్నాయి. అక్కడి భోజనం చాలావరకు పంది మాంసమే, సీతమ్మధార అమ్మగారి జవాబు చూడు.

ప్రశ్న: ఫ్రెంచివాళ్ళ చరిత్ర అంత దూరం వెళ్ళి చదవడం దేనికి? మన పిల్లలకు దానితో ఏం సంబంధం?
– రిటైర్డ్ హిస్టరీ టీచర్, విజయనగరం

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న మీ ఊరి నుంచి రావడమే విశేషం. 1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, అదే ఏడు విశాఖలో ఇంగ్లీషువాళ్ళ ఫ్యాక్టరీ అతని చేతికి చిక్కడం, 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర విజయనగరం ఆనంద గజపతి రాజు, ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ కలిసి ఫ్రెంచివాళ్ళను ఓడించడం మీకు మేం చెప్పక్కర్లేదు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. ఆ సెప్టెంబరు 13న క్యూబెక్ సిటీ గోడల బయట అబ్రహాం మైదానంలో అసలు పోరు అరగంటలోపే తేలిపోయింది. ఇంగ్లీషు సేనాని వుల్ఫ్ అక్కడే పోయాడు, ఫ్రెంచి సేనాని మోంకామ్ మర్నాటి పొద్దున. రెండు ఖండాల్లోనూ తలపడింది ఆ రెండు రాజ్యాలే. 1763 పారిస్ ఒప్పందంలో ఫ్రాన్సు క్యూబెక్‌ను వదులుకుంది, పాండిచ్చేరి, యానాం వెనక్కి తీసుకుంది.

కాబట్టి టూర్‌కు ముందు ఒక ఆదివారం పిల్లల్ని యానాం తీసుకెళ్ళమని మా సలహా. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊళ్ళో ఫ్రెంచి మాట వినబడదు. 1763లోనే ఫ్రాన్సు వదిలేసిన క్యూబెక్‌లో ఇవాళ వీధి బోర్డుల దాకా ఫ్రెంచే. ఎందుకిలా అన్నది టూర్ మొత్తానికి సరిపడే ప్రశ్న. 1774 క్యూబెక్ చట్టం వాళ్ళ మతాన్నీ, ఫ్రెంచి సివిల్ న్యాయాన్నీ ఉండనివ్వడం, చర్చి చేతిలో బడులుండటం, 1960ల్లో ఆ చర్చినే పక్కకు నెట్టి ప్రభుత్వం భాషను భుజాన వేసుకోవడం, 1995 రెఫరెండంలో కెనడా నుంచి విడిపోవద్దన్నవాళ్ళు 50.58 శాతంతో గట్టెక్కడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఆ రెఫరెండం గురించి అక్కడివాళ్ళను అడగొచ్చు, తిట్టరు. 'మీరు ఫ్రెంచివాళ్ళేగా' అని మాత్రం అనకూడదు. వాళ్ళు క్యూబెక్‌వాళ్ళు.

ప్రశ్న: దసరా సెలవుల్లో వెళితే చలి తట్టుకోగలమా?
– ఉక్కునగరం

జవాబు: హాయిగా. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు సగం దాకా చెట్లు ఎర్రబడే రోజులు. స్వెటర్, వాన ఆగే జాకెట్ చాలు. దసరా ఆలస్యంగా పడిన ఏడాదిలో ఆకులు రాలిపోయి ఉంటాయి, తేదీలు చూసుకోండి. అక్టోబరు రెండో సోమవారం వాళ్ళకు సెలవు, ఆ వారాంతం గదులు దొరకవు. సంక్రాంతికైతే మాట వేరు. జనవరిలో మాంట్రియల్ సగటే మైనస్ 10 దగ్గర, క్యూబెక్ సిటీ ఇంకా కింద. అప్పుడు ఒంటికి తగిలే పొర కాటన్ వద్దు, చెమట పట్టి తడిసి అదే చలి పుట్టిస్తుంది. బూట్లు, కోటు అక్కడి సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో కొనండి. మన దగ్గర దొరికేవి ఆ చలికి ఆగవు.

ప్రశ్న: మెట్రో, హోటల్ బిల్లు, అడ్రసులు... మొదటిసారి వెళ్ళేవాళ్ళు పొరపాటు పడేవి చెప్పండి.
– భీమిలి, గోపాలపట్నం, అక్కయ్యపాలెం నుంచి పలువురు

జవాబు: మెనూ మీద ధర అసలు ధర కాదు. పన్నులు రెండూ కలిపి 14.975 శాతం, టిప్పు పన్ను ముందు ధర మీద 15 శాతం వాడుక. 20 డాలర్ల భోజనానికి పన్ను 3, టిప్పు 3, మొత్తం 26. కౌంటర్ దగ్గర కొనుక్కునేచోట టిప్పు మీ ఇష్టం. మిషన్ 18, 20 శాతం అని చూపిస్తే కంగారుపడి నొక్కేయకండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు, సీసాలు కొనడం దండగ.

విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి 747 నంబరు బస్సు. దాని టికెట్టు సుమారు 11 డాలర్లు, 24 గంటలు మెట్రోలోనూ చెల్లుతుంది. దిగగానే పారేయొద్దు. మామూలు టికెట్టు 120 నిమిషాలు. సిటీ బస్సులో చిల్లర తిరిగివ్వరు.

అడ్రసులో ఊయెస్ట్ అంటే పడమర, ఎస్ట్ అంటే తూర్పు. లెక్క సాఁ-లోరాఁ వీధి దగ్గర మొదలై రెండు వైపులా పెరుగుతుంది. షెర్‌బ్రూక్ వీధిలో 500 నంబరు ఇళ్ళు రెండున్నాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. ఈ ముక్క వదిలేసి ట్యాక్సీకి చెబితే ఊరి అవతల దిగుతారు. పైగా మాంట్రియల్‌వాళ్ళు ఉత్తరం అనేది నిజానికి వాయవ్యం. సూర్యుణ్ణి చూసి దిక్కు పట్టే అలవాటున్నవాళ్ళు అక్కడ ఆ అలవాటు పక్కనపెట్టి, కొండ ఎటుందో అడగండి. కొండ వైపు ఉత్తరం, నది వైపు దక్షిణం.